తప్పులు చూపిన దారి

నీలధ్వజపురం కొలువుకూటంలో ఆ ఉదయం అగరుధూపానికి బదులు బొగ్గుల వాసన గుప్పుమంది. నూటెనిమిది పాలరాతి స్తంభాలు, ప్రతి స్తంభానికీ చెక్కిన ఏనుగు తొండాలు, తొండాల కొసల వేలాడే వెండి దీపాలు, నట్టనడుమ మకరతోరణం కింద పగడాల కాళ్ళున్న సింహాసనం. ఆ సింహాసనానికి పది అడుగుల దూరంలో ఒక ఇనప కుంపటి. కుంపట్లో రెండు కడ్డీలు దానిమ్మపువ్వుల్లా ఎర్రబడుతున్నాయి.

ఆ కడ్డీలు ఎవరికోసమో కొమరన్నకు తెలుసు. ఒకటి తనకు. రెండోది పక్కనే తనలాగే గొలుసులతో నిలబడ్డ దళపతి శత్రుంజయుడికి.

అంతకు మించి అతనికి తెలిసింది చాలా తక్కువ. తన పేరు కొమరన్న అని కావలివాళ్ళు చెబితే విన్నాడు. తను రాజనావకు చుక్కాని పట్టేవాడట. యువరాణి ఇందుప్రభను కరాళశంఖుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడట. ఆమెను విడిపించేందుకు ఇరవైమంది నీలవేణీ నది మీదుగా ఏడు నోళ్ళ కొండకు వెళితే, మూడు రోజుల కిందట ఇద్దరే ఒడ్డుకు కొట్టుకొచ్చారట. అన్నీ పరుల నోటి మాటలే. తనలోకి తను తొంగిచూసుకుంటే కొమరన్నకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించడం లేదు.

మంత్రి కుశలవర్మ చేతులు జోడించి ముందుకొచ్చాడు. "ప్రభూ! కొండకు ఏడు గుహలు. ఒక్కటే దారి, తక్కిన ఆరూ మృత్యుముఖాలు. లోపలికి పోయి వచ్చినవాళ్ళు ఈ ఇద్దరే. ఇద్దరూ మరపు పొగ తగిలిందంటున్నారు, ఏమీ గుర్తులేదంటున్నారు. ఇద్దరికీ పొగ తగిలితే బయటికి దారెలా దొరికింది? ఒకడికి తెలుసు. తెలిసీ మాంత్రికుడికి అమ్ముడుపోయి నోరు కుట్టుకున్నాడు. రేపు తెల్లవారగానే యువరాణిని బలి ఇస్తాడా పాపాత్ముడు. ఇక ఆగడానికి వ్యవధి లేదు."

వజ్రకేతు మహారాజు కళ్ళు మూడు రోజులుగా నిద్రలేక చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన సరేనని తల ఊపాడు.

భటుడు కడ్డీ పైకెత్తి కొమరన్న వైపు తిరిగాడు. వేడి ముఖానికి తగిలింది. "అయ్యా, తెలిస్తే చెప్పనా! ఒట్టు, నాకేమీ తెలియదు!" అని కొమరన్న కేకపెట్టాడు. ఆ కేకను కొలువులో ఒక్కరూ నమ్మలేదు. నమ్మడానికి వాళ్ళకు చూపించగలిగింది అతని దగ్గర ఏముంది గనుక! లేనిదాన్ని ఎవడు చూపిస్తాడు?

"దించరా ఆ కడ్డీ!"

గుమ్మంలోంచి వచ్చిందా గొంతు. వెదురుకర్ర టకటకలాడించుకుంటూ ఒక ముసలమ్మ లోపలికి నడిచొచ్చింది. దూదిపింజలాంటి తల, రూపాయంత బొట్టు, చేతులనిండా పసర్ల మరకలు. రాజవైద్యురాలు ఓబళవ్వ. వజ్రకేతుడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్న చేతులవి. అందుకే ఆ కొలువులో రాజును నాయనా అని పిలవగలిగింది ఆమె ఒక్కతే.

"నాయనా, ఆ కడ్డీ తగిలిస్తే తెలిసినవాడూ అరుస్తాడు, తెలియనివాడూ అరుస్తాడు. అరుపులో తేడా నీ మంత్రికి తెలుస్తుందేమో గాని నాకు తెలియదు. తెలియనివాడు బాధ ఓర్చుకోలేక ఏదో ఒక గుహ పేరు చెబుతాడు. మీ సైన్యం ఆ గుహలో పడి చస్తుంది. అంతేగా మీకు దక్కేది?"

కుశలవర్మ ముఖం ముడుచుకున్నాడు. "మరి నీకెలా తెలుస్తుందవ్వా?"

"మధ్యాహ్నం దాకా ఇద్దరినీ నాకియ్యండి. చెరో గదిలో పెట్టండి. నాకొక పళ్ళెం, నూరు చిల్లర వస్తువులు కావాలి."

* * *

మూలికలు ఎండబెట్టిన గదిలో కొమరన్నను కూర్చోబెట్టి ముందు ఏదో చేదు కషాయం తాగించింది అవ్వ. తరువాత పళ్ళెంలో ఒక్కొక్క వస్తువే పెట్టి, అతను కళ్ళారా చూశాక తీసి పక్కన మూటలో వేసింది. గచ్చకాయ, తాళంచెవి, నెమలి ఈక, పసుపుకొమ్ము, కాలి గజ్జె... అలా యాభై చూపించింది.

"చూసినవి చెప్పు నాయనా."

కొమరన్న నుదురు నొక్కుకున్నాడు. చెమటలు పట్టాయి. "నెమలి ఈక... గజ్జె... తాళంచెవి..." చాలాసేపటికి "గవ్వ" అన్నాడు. ఇక రాలేదు. సిగ్గుతో తల దించుకున్నాడు. "అవ్వా, ఇంతకూ నీ పేరేమిటన్నావు?"

"ఓబళమ్మ."

అది అప్పటికి మూడోసారి అడగడం. మూడుసార్లూ మొదటిసారి అడిగినట్టే చెప్పింది. పేరు అతని తలలో నిలవలేదు. ఆమె విసుక్కోలేదన్న సంగతి మాత్రం ఎక్కడో నిలిచింది.

"ఇప్పుడు రెండేసి పెడతాను. ఒకటి ఇందాక చూసింది, ఒకటి చూడనిది. చూసింది ఏదో వేలు పెట్టు. తెలియకపోయినా సరే, ఏదో ఒకటి చూపించాలి."

గచ్చకాయ, పక్కన కుంకుడుకాయ. కొమరన్న కళ్ళు రెంటి మీదా తిరిగాయి. తెలుసని చెప్పలేడు. అయినా వేలు గచ్చకాయ వైపే పోయింది. దువ్వెన, పక్కన గరిటె. వేలు దువ్వెన మీద పడింది. ఒక్కొక్కదానికి ప్రాణం పెట్టి వెతుక్కున్నాడు. నదిలో పడ్డ ఉంగరాన్ని కాలివేళ్ళతో తడుముకున్నట్టు తడుముకున్నాడు. యాభై జతలూ అయ్యేసరికి పది కోసులు తెడ్డు వేసినవాడిలా అలిసిపోయాడు.

అవ్వ పళ్ళెం ఎత్తుకుని దళపతి ఉన్న గదిలోకి వెళ్ళింది.

* * *

మిట్టమధ్యాహ్నం మళ్ళీ కొలువుతీరింది. ఓబళవ్వ నిలబడి చెప్పింది.

"యాభై జతల్లో కొమరన్న సరిగ్గా చూపించినవి నలభై ఒకటి. దళపతి సరిగ్గా చూపించినవి తొమ్మిది."

కుశలవర్మ చప్పట్లు చరిచాడు. "ఇంకేం! నలభై ఒకటి గుర్తుపట్టినవాడికి మరపేమిటి? ఈ చుక్కానివాడే దొంగ! పాపం దళపతికే నిజంగా పొగ తగిలింది. తేవోయ్ కడ్డీ!"

నిజమే కదా అనిపించింది కొమరన్నకు. నలభై ఒకటి! తనకు తెలియకుండా తనే దొంగా ఏమిటి? తన మీద తనకే అనుమానం పుట్టింది. అంతకంటే నరకం మరొకటి ఉంటుందని అతను అనుకోలేదు.

"తొందరపడకు మంత్రీ," అంది అవ్వ. "నీ కళ్ళకు గంతలు కట్టి ఈ యాభై జతలూ నీ ముందు పెట్టిస్తాను. చూడకుండా చెయ్యి వేస్తే ఎన్ని ఒప్పవుతాయి?"

కుశలవర్మ గడ్డం నిమురుకున్నాడు. "రెండింట్లో ఒకటి గనుక... సగం. పాతికకు అటూ ఇటూ."

"మరి గుడ్డివాడికే పాతిక వస్తే, కళ్ళున్నవాడికి తొమ్మిదే ఎలా వచ్చాయి? ఏదీ గుర్తులేనివాడికీ అదృష్టం సగం కలిసొస్తుంది. నలభై ఒక్కసార్లు అదృష్టం ముఖం తిప్పుకోదు. ఒప్పు ఏదో తెలిసి, దాన్ని తప్పించి పక్కదాని మీద వేలు పెట్టాలి. తప్పు చెప్పడానికి కూడా ఒప్పు తెలియాలయ్యా!"

కొలువంతా గుసగుసలు. అవ్వ ఆగలేదు.

"కొండ కింది గొర్రెలకాపరుల్లో పొగ దెబ్బతిన్నవాళ్ళను పన్నెండుమందిని చూశాను. నోటితో చెప్పమంటే మూడో నాలుగో చెబుతారు. ఎదురుగా పెడితే మాత్రం కన్ను గుర్తుపడుతుంది, వేలు పోతుంది. ముప్పై అయిదుకు తగ్గినవాడు ఒక్కడూ లేడు. ఈ కొమరన్న నోటితో చెప్పింది నాలుగు, వేలితో చూపింది నలభై ఒకటి. అచ్చం వాళ్ళలాగే. మరపు ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. నటించేవాడు ఊహించుకుంటాడు, ఊహించుకుని ఎక్కువ చేస్తాడు." ఆమె కర్ర కొమరన్న భుజాన్ని తాకింది. "ఈ బిడ్డ చెప్పింది నిజం. ఇతనికేమీ తెలియదు."

కొమరన్న ఉన్నచోటనే కూలబడి అవ్వ పాదాలు పట్టుకున్నాడు. తనకు తెలిసినదాన్ని నమ్మేవాళ్ళు లోకంలో ఉంటారు. తెలియదన్న మాటను నమ్మించింది ఈమె. కన్నీళ్ళు ఆమె కాలివేళ్ళ మీద టపటపా రాలాయి.

"లే నాయనా, లే. ఇంకా పని ఉంది," అంది అవ్వ.

మహారాజు లేచి నిలబడ్డాడు. ఆయన చూపు దళపతి మీద నిప్పులు కురిసింది. "శత్రుంజయా! నీ చేతిలో నా బిడ్డ ప్రాణం పెట్టాను. గుర్తుండీ చెప్పవా?"

శత్రుంజయుడు తల దించుకున్నాడు.

"నరకండి!"

భటుడు కత్తి దూసి, మెడ కనిపించాలని దళపతి మెడ చుట్టూ ఉన్న ఉత్తరీయాన్ని ఒక్క లాగు లాగాడు. వెంటనే కెవ్వుమని వెనక్కి దూకాడు.

దళపతి కంఠానికి ఒక నల్లని హారం. తన తోకను తానే కరుచుకున్న పాము అది! నిగనిగలాడే పొలుసులు, నుదుట గురిగింజంత ఎర్రని మచ్చ. అది మెల్లగా కళ్ళు తెరిచి కొలువును చూసింది.

"ఎవరూ కదలకండి!" అంది అవ్వ గొంతు తగ్గించి. "ఇది నాలుక కావలి. దారి చెప్పినా, వేలు పెట్టి చూపినా, గుర్తుందన్నా కాటు వేస్తుంది. మాట సగంలో ఉండగానే మనిషి పోతాడు. అందుకే పాపం గుర్తులేనట్టు నటించాడు. నాయనా, అబద్ధం దొరికిందంటే దొంగ దొరికాడని కాదు. ఎందుకాడాడో కూడా చూడాలి."

దళపతి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. మూడు రోజుల తరువాత మొదటిసారి ఆ ముఖంలో కొంచెం తెరిపి కనిపించింది.

అవ్వ బియ్యప్పిండి తెప్పించింది. నేల మీద వరుసగా ఏడు కమానులు గీసింది. తరువాత దళపతి కళ్ళలోకి చూస్తూ చిరునవ్వు నవ్వింది.

"ఇందాక నువ్వు చక్కగా చేసిన పనే మళ్ళీ చెయ్యి బాబూ. నాకు ఒప్పు వద్దు. తప్పులు చూపించు."

శత్రుంజయుడికి అర్థమైంది. కాలి బొటనవేలితో మొదటి కమాను చెరిపేశాడు. పాము కదలలేదు. తప్పు చూపినవాణ్ణి కాటువేయమని దానికెవరూ చెప్పలేదు మరి! రెండోది చెరిపాడు. ఏడోది, ఆరోది, మూడోది. కొలువంతా ఊపిరి బిగబట్టింది. ఇక మిగిలినవి నాలుగోది, అయిదోది. దళపతి పాదం నాలుగోదాన్ని చెరిపేసింది.

అయిదోది ఒంటరిగా తెల్లగా మిగిలింది.

అప్పటికి గానీ పాముకు మోసం తెలియలేదు. తెలియగానే బుస్సుమని తోక వదిలి పడగెత్తింది!

ఏం జరిగిందో కొమరన్న తరువాత కూడా సరిగా చెప్పలేకపోయాడు. అతను ఏమీ ఆలోచించలేదు. నావలోకి ఎగబాకే నీటిపాముల్ని ఎన్ని వందలసార్లు పట్టాయో ఆ చేతులు! తలకు గుర్తులేనిది చేతులకు గుర్తుంది. ఒక్క దూకులో పడగ వెనక బొటనవేలు నొక్కిపెట్టి, రెండో చేత్తో చుట్టలు ఊడలాగి, గిరగిరా తిప్పి కుంపట్లోకి విసిరాడు.

నిప్పులు పైకి లేచాయి. పాము పగిలి నల్లటి పొగై, పొగ మళ్ళీ పామై, వెండి దీపాల్ని చెల్లాచెదురు చేస్తూ కిటికీలోంచి ఏడు నోళ్ళ కొండ వైపు దూసుకుపోయింది.

"యజమానికి చెప్పడానికి పోతోంది," అంది అవ్వ. "దాని కంటే ముందు మీరిద్దరూ చేరాలి. నేల మీద పోయే సైన్యం అందుకోలేదు. నదే గతి."

మహారాజు సింహాసనం దిగి వచ్చి దళపతిని కౌగిలించుకున్నాడు. మంత్రి కుశలవర్మ ఇద్దరి గొలుసులూ తనే విప్పి, కొమరన్న చేతులు పట్టుకున్నాడు. "తప్పు చేశాను నాయనా," అన్నాడు మెల్లగా. అవ్వ పసరులో తడిపిన గుడ్డలు రెండు ఇచ్చింది. "ముక్కుకు కట్టుకోండి. పొగ ఆగదు గాని వంద లెక్కపెట్టేదాకా ఆలస్యమవుతుంది."

* * *

రాజనావ నీలవేణి నడుమకు పోగానే బాణంలా సాగింది. ఇరువైపులా గోడల్లా కొండలు, కొండల మీద మోదుగుపూల మంటలు, కింద ఇంద్రనీలం కరిగించి పోసినట్టు నీళ్ళు. సుడి వచ్చినప్పుడల్లా కొమరన్న చేయి చుక్కానిని ముందే తిప్పేస్తోంది. ఎలా తిప్పుతున్నాడో తనకే ఆశ్చర్యం.

దళపతి తెడ్డు వేస్తూ గొంతు సవరించుకున్నాడు. "కొమరా! ఆ ముసలితల్లి నా అబద్ధం పట్టుకుంది చూశావా, ఆ క్షణాన నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎవరైనా పట్టుకుంటే బాగుండునని మూడు రోజులు దేవుళ్ళకు మొక్కుకున్నాను. పట్టుకోమని నోరు తెరిచి అడగలేను కదా!"

"మరి మీకు పొగ తగల్లేదా దొరా?"

"మా నాన్న ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. ఊపిరి బిగబట్టడం నాకు చిన్నప్పుడే నేర్పాడు. నేను పడిపోలేదు గనుకే మాంత్రికుడు నా మెడకు పామును తగిలించాడు. కావలి మారేటప్పుడు పరుగెత్తాను."

కొమరన్న చుక్కాని సరిచేశాడు. "నేనెలా వచ్చాను?"

"నా వీపు మీద."

నావ ఒక రాతిని ఒరుసుకుని పక్కకు తప్పుకుంది.

"చీకట్లో చెయ్యి చాపితే నువ్వొక్కడివే అందావు. తలపాగాతో నా భుజాలకు కట్టుకున్నాను. తక్కిన పద్దెనిమిదిమందీ అందలేదురా కొమరా..." అన్నాడు దళపతి.

కొమరన్న చుక్కాని వదలకుండానే వంగి అతని పాదాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు. "దొరా, నాకు అమ్మానాన్నలెవరో తెలియదు. ఇల్లెక్కడో తెలియదు. ఇవాళ్టి రోజు ఒక్కటే ఉంది నాకు. ఆ ఒక్కరోజులోనే ఒకరు నన్ను నమ్మారు, ఒకరు నన్ను మోసుకొచ్చారని తెలిసింది. ఇంకేం కావాలి? అందనివాళ్ళను ఇప్పుడు అందుకుందాం, పదండి."

పొద్దు వాలుతుండగా ఏడు నోళ్ళ కొండ ఎదురైంది. నదిలోంచి నిలువునా లేచిన నల్లరాయి. నీటి అంచున ఏడు గుహలు ఆవలిస్తున్నాయి. మొదటి గుహలోంచి మల్లెల వాసన, రెండోదాంట్లోంచి వీణానాదం, మూడోదాంట్లో బంగారు వెలుగు. రా రమ్మని పిలిచే మృత్యువులవి. అయిదో గుహ మాత్రం చీకటిగా, కంపుకొడుతూ, గబ్బిలాలతో ఉంది. చుక్కాని అటే తిరిగింది.

తల పైన నల్లటి చార ఒకటి కొండ శిఖరాన్ని చేరడం ఇద్దరూ చూశారు. మరుక్షణం శిఖరం మీద శంఖం మోగింది.

"చేరిపోయింది! ముక్కు కట్టుకో!" అని అరిచాడు దళపతి.

నావ గుహలోకి దూకింది. కప్పుకు వేలాడే రాతికోరలు, గోడల వెంట పాకే పచ్చటి వెలుగు. ఎదురుగా తెల్లటి పొగ పాలపొంగులా వచ్చి మీదపడింది. ఒకటి, రెండు, మూడు... కొమరన్న లెక్కపెడుతూ తెడ్డు అందుకున్నాడు. నలభై దగ్గర నావ ఇసుకను తాకింది. అరవై దగ్గర ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. కాళ్ళు తడబడుతున్నాయి. తొంభై ఆరు దగ్గర పొగ పలచబడి ఒక విశాలమైన రాతిమందిరం కనిపించింది. దాని చివర ఇనప తలుపు. ఆ తలుపు వెనకనుంచి ఆడగొంతు ఒకటి సన్నగా వినిపించింది.

"యువరాణి!" అన్నాడు దళపతి.

తలుపుకు అడ్డంగా సాయుధులు లేచి నిలబడ్డారు. పద్దెనిమిదిమంది. నీలధ్వజపురం కవచాలు, నీలధ్వజపురం కత్తులు. దళపతి ఒక్కొక్కరి పేరే పెట్టి పిలిచాడు. "ఒరే రంగనాయకా! భైరవా! నేనురా, మీ దళపతిని!" ఎవరి ముఖంలోనూ చలనం లేదు. అన్నీ పొగ నిండిన కళ్ళే. కత్తులు పైకి లేచాయి. శత్రుంజయుడి చేయి కత్తిపిడి మీదికి పోయింది గాని, తన మనుషుల మీద దూయలేక అక్కడే ఆగిపోయింది.

కొమరన్న చేతిలోని తెడ్డు కింద పడేశాడు. ఒట్టి చేతులతో ముందుకు నడిచాడు.

"ఆగరా కొమరా! నిన్ను గుర్తుపట్టరు, నరికేస్తారు!"

"నేనూ వాళ్ళను గుర్తుపట్టలేదు దొరా," అన్నాడు కొమరన్న వెనక్కి చూడకుండా. తరువాత ఆ పద్దెనిమిదిమందికీ వినబడేలా గొంతెత్తాడు. "అయ్యలారా! మీ పేర్లు మీకు తెలియవు కదూ? నాకూ తెలియదు. ఎవరో చెబితే విన్నాను. లోపలికి చూసుకుంటే తెల్లగా కనిపిస్తుంది, భయమేస్తుంది. ఎవరు ఏం చెబితే అది చెయ్యాలనిపిస్తుంది. మీకు ఏమీ తెలియదంటే నేను నమ్ముతాను. నా మాటొకటి వినండి."

అందరికంటే ముందున్నవాడి కత్తి కొమరన్న తల మీదికి లేచింది. లేచినది లేచినట్టే గాలిలో ఆగి, మెల్లగా కిందికి దిగింది.

వాళ్ళ వెనక ఇనప తలుపు గడియ దానంతటదే జరిగి, యువరాణి దాకా దారి తెరుచుకుంది.